కొత్తవాడలో తీసిన ఫోటో

ముందే చెప్పేస్తాను. ఆ సాయంత్రం వరంగల్ దగ్గర ధర్మసాగర్ చెరువు కట్ట మీద కూర్చుని, ఒక నేత పనిచేసే ఆవిడ నన్ను నమ్మి చూపించిన డర్రీ ఫోటోని మా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎవరికీ చూపించొద్దని ఆవిడ చెప్పింది. సరేనన్నది నేనే. పైగా నేను చదువుతున్న చదువే అది. కొత్త డిజైన్ రిజిస్టర్ కాకముందు నలుగురి కంటా పడితే చట్టం దాన్ని ఇక కొత్తదిగా చూడదని పరీక్షలో రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

వరంగల్ వెళ్లి వచ్చి నెల దాటింది. అటు వెళ్లని వాళ్లకోసం ఆ ప్రయాణం గురించి రాస్తున్నాను. రైలూ, మంచూ, తిండీ, మనుషులూ అన్నీ ఉంటాయి. ఒక్కటి ఉండదు. ఆ డర్రీ ఎలా ఉంటుందో రాయను. అందుకు పాఠకులు నన్ను మన్నించాలి.

దిగాల్సిన స్టేషన్ దాటాక

మాది విజయనగరం. ఇరవై ఏళ్లుగా అక్కడి కోర్టులో గట్టు తగాదాలు, వీలునామాలు, అద్దె ఇళ్ల కేసులు చూసుకుంటున్నాను. నలభై ఆరో ఏట మళ్లీ చదువు మీదికి మనసు పోయి, విశాఖలో అంతర్జాతీయ ఆర్థిక న్యాయంలో ఎల్ఎల్ఎంకి చేరాను. దేశాల మధ్య సరుకులు ఏ నియమం మీద పోతాయి, ఒక ఊరి పేరు పెట్టి ఇంకో ఊరివాళ్లు సరుకు అమ్ముకోవచ్చా, ఒకరి ఊహలో పుట్టిన బొమ్మ మీద హక్కు ఎవరిది, ఇలాంటివి అందులో పాఠాలు. క్లాసులో మిగతావాళ్లంతా మా అమ్మాయి ఈడువాళ్లు. జెనీవా తీర్పుల పేర్లు వాళ్ల నోట మా వీధి పేర్లలా పలుకుతాయి. వెనక బెంచీలో కూర్చుని నవ్వుతూ వినేవాణ్ణి గాని, ఒక్కసారైనా వాళ్లు నావైపు తిరిగి మెచ్చుకుంటే బాగుండునని లోపల్లోపల ఉండేది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. జరిగినదానికి మూలం మాత్రం అదే.

థీసిస్‌కి వరంగల్ డర్రీలు ఎంచుకున్నాను. మన ఇళ్లలో జంపఖానా అంటామే, అదే. వరంగల్ డర్రీ అనే పేరుకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇంకో ఊళ్లో నేసి ఆ పేరుతో అమ్మకూడదు. మరి ఆ పేరు వల్ల నేసేవాళ్లకి ఏం ఒరిగింది అన్నది నా ప్రశ్న. అది లైబ్రరీలో దొరకదు, వెళ్లి చూసి రండి అన్నారు మా గైడ్ మేడమ్.

రాత్రి రైలు. వరంగల్ తెల్లవారకముందే వస్తుందని తెలిసీ నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి బండి కాజీపేటలో ఉంది. హడావుడిగా దిగితే ప్లాట్‌ఫారం నిండా మంచు. పట్టాలు కొంతదూరం పోయి అక్కడితో ఆగిపోయినట్టున్నాయి. కూత వినబడుతోంది గాని ఇంజను కనబడదు. చేతిలో పదిహేను రూపాయల చాయ్ పొగ, చుట్టూ మంచు, రెంటికీ తేడా తెలియడంలేదు. నేను నిజంగా నిద్రలేచానా అని అనుమానం వచ్చింది. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ అనుమానం నన్ను పూర్తిగా వదల్లేదు.

స్టేషన్ బయట చెవులకి మఫ్లర్ చుట్టుకున్న ఆటో ఆయన నా సంచీ వైపూ, నలిగిన మొహం వైపూ చూసి, వరంగల్‌లో దిగాల్సినవాడు నిద్రపోయి ఇక్కడ దిగాడని పక్కనున్నవాళ్లతో అన్నాడు. నిజమేనన్నాను.

“రోజుకొకలన్న దిగుతరు సార్ ఇట్ల. మీ అసొంటోళ్లతోనే మా పొద్దుగాలటి గిరాకి” అంటూ సంచీ అందుకున్నాడు. పేరు సలీం. యాభై దాటి ఉంటాయి. హనుమకొండకి నూట యాభై అడిగాడు, నూట ఇరవైకి వచ్చాడు, దారిలో చాయ్ తాను తాగించాడు. లెక్కన నాకు మిగిలింది ఎంతో నాకు అర్థం కాలేదు. మిగతా రోజులు ఆయన ఆటోలోనే తిరిగాను.

హనుమకొండ

బస్టాండుకి దగ్గర్లో రెండో అంతస్తులో గది దొరికింది. కిటికీలోంచి ఒక దవాఖాన, మూడు కోచింగు సెంటర్ల బోర్డులు, వాటి వెనక మెల్లగా మంచులోంచి బయటపడుతున్న గుట్ట కనిపించాయి. పక్కమీద వాలితే మళ్లీ నిద్ర పట్టింది. ఈసారి దాటిపోయే స్టేషన్ లేదు.

సాయంత్రం వీధిలోకి దిగితే వేయించిన నువ్వుల వాసన. ఒకామె బండి మీద సర్వపిండి చేస్తోంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు వేసి కలిపి, గిన్నె లోపలి గోడకే తట్టి, వేలితో చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్లో నూనె వేసి మూతపెట్టి కాలుస్తారు. మా వైపు దిబ్బరొట్టెకి వేలు విడిచిన చుట్టం అనుకోవచ్చు. దిబ్బరొట్టె మెత్తగా ఉంటుంది, ఇది కరకరలాడుతుంది. ముప్పై రూపాయలు. కారానికి నా కళ్లల్లో నీళ్లు తిరిగితే, ఏ ఊరు తమ్ముడూ అని అడిగి, విజయనగరం అనగానే ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

మా ఊళ్లో కొత్తవాణ్ణి బాబూ అనో, మేస్టారూ అనో పిలుస్తారు. ఆ పిలుపులో కొంచెం దూరం ఉంటుంది, మర్యాదా ఉంటుంది. ఇక్కడ మాట కలిసిన కాసేపటికే మనిషి అన్నో, తమ్ముడో, బిడ్డో అయిపోతాడు. మొదట్లో నాకది వింతగా అనిపించింది. తర్వాత హాయిగా అనిపించింది. ఆ పిలుపు వెనక్కి తీసుకుంటే ఎలా ఉంటుందో అప్పటికి నాకు తెలియదు.

కొత్తవాడ

మర్నాడు పొద్దున సలీం నన్ను కొత్తవాడలో దించాడు. దిగకముందే మగ్గాల చప్పుడు వినపడింది. ఒక ఇంట్లో మొదలైన చప్పుడు పక్కింట్లో తేలి, ఆ పై ఇంట్లో మునిగిపోతోంది. వెదురు బొంగుల మీద అద్దకం చేసిన నూలు ఆరేసి ఉంది. ఒక గడప ముందు కాలువలో ఎర్రటి నీళ్లు, నాలుగు గడపలు దాటితే నీలం నీళ్లు, మూల తిరిగేసరికి రెండూ కలిసి ఇంకేదో రంగు. ఆ నీళ్లు చూస్తూ నడిచి ఒక మేకని తొక్కబోయాను. మధ్యమధ్య చప్పుడులేని ఇళ్లు. వాటిలో మగ్గాలు ఉన్నాయి, వాటి మీద తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి.

నేను కలవాల్సిన మనిషి స్వరూప, పేరు మా గైడ్ మేడమ్ ఇచ్చారు. నలభైకి దగ్గర్లో ఉంటుంది. భర్త సూరత్ మిల్లులో పనికి పోయాడు. ఇక్కడ మగ్గం నడిపేది ఈమె, నూలు కండెలు చుట్టేది అత్త ఓదెమ్మ. నేను చదువుకుంటున్నానంటే ఓదెమ్మ రాట్నం ఆపి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

“గీ వయసుల సదువేంది బిడ్డా? పెండ్లాం ఇంట్ల ఉండనిస్తలేదా?”

దాదాపు అంతేనన్నాను. నవ్వి, తిన్నాకే మాటలంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. మా ఇంట్లో పులుసు తెర్లకపోతే వంట కానట్టే. ఇక్కడ చింతపండు నీళ్లలో ఉల్లిగడ్డా పచ్చిమిర్చీ పిసికి, పొయ్యి మొహం చూపించకుండానే వడ్డిస్తారు. మూడుసార్లు పోయించుకున్నాను. రెండో రొట్టె వేస్తూ స్వరూప నన్ను అన్నా అంది.

తిన్నాక నా ప్రశ్నలన్నీ అడిగాను. ఆ వాడలో ఒకరి నమూనా చూసి ఇంకొకరు నేయడం మామూలేనట. అందులో తప్పేమీ లేదు, మా ఇంటి కూర మీ ఇంటికి వచ్చినట్టే అన్నారు. కాని ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా కొత్త నమూనా మొదలుపెడితే మగ్గం మీద దానిపైన పాత చీర కప్పుతారు. నేసేటప్పుడు తీస్తారు, లేచేటప్పుడు కప్పుతారు. డర్రీ కోసి మగ్గం దింపేదాకా ఆ చీరని ఇంకొకరు ఎత్తరు. పక్కింటివాళ్లు వచ్చి మగ్గం పక్కనే కూర్చుని గంటసేపు మాట్లాడినా, చీర వైపు చూపు పోనివ్వరు.

స్వరూప మగ్గం మీద ఒక ఆకుపచ్చ చీర ఉంది.

చాలాసేపు ఆలోచించి ఆమె ఆ చీర తీసింది. నేను చూసినది ఇక్కడ రాయను. చూశాక కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశానని మాత్రం రాస్తాను. ఎక్కడినుంచి వచ్చిందిది అని అడిగితే, ధర్మసాగర్‌లో చెల్లె ఇల్లుందని, పొద్దుగూకే వేళ కట్ట మీద కూర్చుని నీళ్లు చూస్తూంటే కళ్లకి ఆనిందని చెప్పింది. జర్మనీకి సరుకు పంపే హైదరాబాద్ వ్యాపారి ఒకాయన దీన్ని సగం నేసినప్పుడు చూశాడట. డిజైన్ ఆమె పేరు మీద రిజిస్టరైతే, ఇది ఇంకెక్కడా లేదని అవతలివాళ్లకి చూపించి, ఏడాది పొడుగునా ఆర్డరు ఇస్తానన్నాడు. అదే జరిగితే వీధిలో ఆగిన మూడు మగ్గాలు నడుస్తాయి. భర్తని సూరత్ నుంచి రమ్మనొచ్చు. కాగితాలు వేయడానికి ఒక వకీలుకి చెప్పారు.

“రేపు రా, మాపు రా అంటాండన్నా. మేం పోతనే ఉన్నం” అంది.

నేనూ వకీలునే. ఆ కాగితాలు ఎలా వేయాలో నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం అక్కడే కూర్చుని వేయించి ఉండొచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదని కాదు, వచ్చి పోయింది. నా మనసంతా నా నాలుగో అధ్యాయం మీద ఉంది. ఊరి పేరుని కాపాడే చట్టం ఆ ఊరి మనిషి ఊహని కాపాడదు, దానికి వేరే దారి పట్టాలి అని నేను రాయబోయే అధ్యాయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఫోటో తీసుకోనా అని అడిగాను.

ఆమె అత్త వైపు చూసింది. అత్త రాట్నం తిప్పుతూనే ఉంది.

“గిది ఆ సేటుకు తప్ప ఇంక ఎవ్వలకు సూపియ్యలేదన్నా. నీ సదువుకైతె తీస్కో. గని నీ కాడ్నే ఉంచుకో” అంది స్వరూప.

సరేనమ్మా అన్నాను. తీశాను. ఆమె చీర కప్పింది.

ధర్మసాగర్

ఆమె చూసిన నీళ్లు నేనూ చూడాలనుకున్నాను. సలీం ఊరు దాటించి, పత్తి ఏరేసిన చేల మధ్యనుంచి తీసుకెళ్లాడు. కట్ట ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. వరంగల్ అంతా తాగే నీళ్లు అక్కడ చప్పుడు చేయకుండా పడుకుని ఉన్నాయి. గాలి లేదు. మొదట నీళ్లు వెండిలా ఉన్నాయి, తర్వాత పాలలో కుంకుమ పడ్డట్టు, ఆ తర్వాత ఆ ఎరుపు కూడా అడుక్కి దిగిపోయి, పైన ఊదా రంగు పొర ఒకటి మిగిలింది. ఒక కొంగ లేచి వెళ్లినచోట నీళ్లు కాసేపు ఏదో గుర్తుచేసుకుని మళ్లీ మరిచిపోయాయి. నీళ్లు ఎవరి సొత్తూ కాదు గనక వాటి రంగు రాస్తున్నాను. అందులో ఆమెకి కనిపించినది ఆమెది.

సలీం సీటు కిందనుంచి చిన్న జానిమాజ్ తీశాడు. నమాజు చేసుకునే చాప. అది వాళ్ల అమ్మదట, కొత్తవాడలో నేసినదే. అంచులు అరిగి దారాలు బయటపడ్డాయి. జర ఆగుండ్రి సార్ అని చెప్పి, చెప్పులు విడిచి, పడమటివైపు పరుచుకున్నాడు.

ఆయన వంగి లేస్తున్నాడు. నేను కొంచెం ఎడంగా రాతి మీద కూర్చుని ఫోన్ తీశాను. ఫోటో చూశాను, నీళ్లు చూశాను, మళ్లీ ఫోటో చూశాను. ఇలాంటిది నేను ఒక్కణ్ణే చూస్తున్నానన్న సంతోషం గుండెలో పట్టలేదు. అది వాళ్లకి చూపించాలి, నేనూ ఏదో కనిపెట్టానని తెలియాలి. ఆ క్షణంలో స్వరూప మాట నాకు గుర్తులేదని రాస్తే ఎంత బాగుండేదో. గుర్తుంది. గ్రూపులో ఉన్నవాళ్లంతా మనవాళ్లే కదా అని ఆ మాటని పక్కకి జరిపాను. ‘నా నాలుగో అధ్యాయం దొరికింది’ అని రాసి ఫోటో పెట్టాను.

సలీం జానిమాజ్ మడతపెట్టేసరికి నా ఫోన్ నిండా పొగడ్తలు. తిరుగుదారిలో చీకట్లో పత్తి చేలు అక్కడక్కడ తెల్లగా మెరుస్తూంటే, ఆటోలో కూర్చుని చిన్నపిల్లాడిలా నాలో నేను నవ్వుకున్నాను.

కిటికీ దగ్గర

పొద్దున లేచేసరికి మా క్లాసు హారిక పంపిన సందేశం ఉంది. మంచి పిల్ల. చేనేత మీద ప్రేమకొద్దీ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ నడుపుతుంది. నా ఫోటోని రాత్రే అందులో పెట్టి, సార్, ఎంతమంది చూశారో చూడండి అని రాసింది. చూశాను. కింద ఎక్కడో వేరే రాష్ట్రపు కార్పెట్ల దుకాణంవాళ్లు, ఈ నమూనా మేం చేసి ఇస్తాం, ధరకి సంప్రదించండి అని రాశారు.

మంచం మీద కూర్చుండిపోయాను. హారికకి ఫోన్ చేశాను. విషయం చెప్పాను. వెంటనే తీసేసింది. తన తప్పేమీ లేదని చెప్పాను, అది నిజం కూడా.

గ్రూపులోంచి నేనూ తీసేశాను. ఇప్పుడు ఫోటో పైకి ఎక్కడా కనబడదు. సాయంత్రం నా రైలు. స్వరూప ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్ లేదు. నేను ఎక్కి వెళ్లిపోతే ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ తెలియకపోవచ్చు. ఈ లెక్క నేను వేసుకున్నాను. కిటికీ బయట మంచులో దవాఖాన బోర్డు వెలిసిపోయిన అచ్చులా ఉంది. దాన్ని చూస్తూ ఈ లెక్కే రెండుసార్లు వేశాను.

కాని ఆ దుకాణంవాళ్ల దగ్గర ఫోటో ఉంటుంది, దాని మీద తేదీ ఉంటుంది. రేపు స్వరూప కాగితాలు వేసి, రిజిస్ట్రేషన్ నంబరు వచ్చి, ఆర్డరు వచ్చి, మూడు మగ్గాలూ నడిచాక, వాళ్లు ఆ తేదీ చూపించి ఇది ముందే లోకంలో ఉందంటారు. అప్పుడు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. నేను నోరు మూసుకుంటే ఆమె ఇప్పుడు కాక, అన్నీ వచ్చాక పోగొట్టుకుంటుంది.

సలీంకి ఫోన్ చేసి రమ్మన్నాను. దారిలో సంగతంతా చెప్పాను. నన్ను ఓదార్చడానికి ఫికర్ చెయ్యకుండ్రి అంటాడేమోనని చూశాను. అనలేదు.

“ముందుగాల మీరే చెప్పుండ్రి సార్. వేరేటోళ్ల నోటితోని తెల్వొద్దు” అన్నాడు. నన్ను దించి, ఆటో ఆపేసి అక్కడే ఉన్నాడు.

మళ్లీ ఆ గడప

స్వరూప నేస్తోంది. నన్ను చూసి నవ్వి, కూర్చోమంది. నిలబడే చెప్పాను. ఎప్పుడు పెట్టాను, ఎక్కడికి పోయింది, ఎవరు చూశారు, అన్నీ. ఆమె చేతులు మధ్యలో ఆగాయి. ఆకుపచ్చ చీర తీసి మగ్గం మీద కప్పింది. నేను చూడకుండా కప్పిందని నాకు అర్థమైంది.

ముందు ఓదెమ్మ మాట్లాడింది. గట్టిగా కూడా కాదు.

“మా ఇంట్ల తిన్నవు గదా బిడ్డా.”

తల దించుకున్నాను. స్వరూప గోడవైపు చూస్తూ అడిగింది.

“అయితె ఇగ అది నాది కాదా సార్?”

ముందురోజు అన్నా అన్న మనిషి. ఆ ‘సార్’ మా కోర్టులో రోజూ వినేదే, అక్కడ నాకు చెవికి కూడా తగలదు.

ఇంకా ఒక దారి ఉందని చెప్పాను. మన డిజైన్ల చట్టంలో ఒక చిన్న సెక్షన్ ఉంది. నమ్మి ఒకరికి చూపించినప్పుడు, ఆ చూసినవాడు నమ్మకం తప్పి బయటపెడితే, దాని వల్ల డిజైన్ సొంతదారు హక్కు పోదు. అయితే అతను నమ్మకం తప్పాడని రుజువు కావాలి. నా దగ్గరే ఉంచుకుంటానని ఒప్పుకున్నాను, ఒప్పుకునే తప్పాను అని నేను ప్రమాణం చేసి రాసివ్వాలి. ఆ కాగితంతో పాటు ఈరోజే దరఖాస్తు వెయ్యాలి. రేపు ఎవరైనా ఎదురుతిరిగితే సాక్షిగా నేను రావాలి. ఆపైన కూడా అది నిలుస్తుందని గ్యారంటీ ఇవ్వలేను. ఇదంతా అలాగే చెప్పాను.

సాక్షిగా నిలబడేవాడు వకీలుగా ఉండకూడదు గనక దరఖాస్తు నేను వేయడానికి లేదు. రేపూ మాపూ అంటున్న ఆ వకీలు దగ్గరికే పోవాలి.

వకీలు గారి బల్ల

ఆయన ఆఫీసు హనుమకొండలో ఒక మెడికల్ షాపు పైన. మేము వెళ్లేసరికి మొక్కజొన్న పొత్తు తింటున్నాడు. చెడ్డమనిషి కాదు. డిజైన్ కాగితాలు తాను ఎప్పుడూ వేయలేదని, ఆ సంగతి ఆమెకి చెప్పడానికి మొహం చెల్లక వాయిదాలు వేశానని నాతో పక్కకి వచ్చి ఒప్పుకున్నాడు. నేను గుమస్తాగా కూర్చుని టైపు చేస్తాను, మీరు చూసి సంతకం పెట్టండి అన్నాను. ఆయన కుర్చీ జరిపి నాకు చోటిచ్చాడు.

దరఖాస్తు గంటలో అయిపోయింది. అఫిడవిట్ కాలేదు. ఇరవై ఏళ్లుగా జనం చేత ప్రమాణాలు రాయించినవాణ్ణి. వేళ్లు వాటంతటవే పాత మాటలు కొట్టేశాయి. చిత్తు ప్రతిని స్వరూపకి చదివి వినిపించాను. ‘సదరు ఛాయాచిత్రమును నేను చదువు నిమిత్తము గ్రూపునందు ఉంచగా, అది అనుకోకుండా బయటకు పోయినది’ అన్నచోటికి వచ్చాను.

“అనుకోకుంట పోయిందా సార్?” అని అడిగింది ఆమె.

వకీలు నా వైపు తిరిగాడు. అనుకోకుండా అంటే నమ్మకం తప్పినట్టు కాదు. ఆ ఒక్క మాటతో నా పరువు నిలుస్తుంది, ఆమె సెక్షన్ కూలిపోతుంది. అది నాకు తెలుసు. తెలిసే నా వేళ్లు దాన్ని రాశాయో, అలవాటుకొద్దీ రాశాయో ఇప్పటికీ తేల్చుకోలేను.

లేదమ్మా అన్నాను. ఆ పేరా అంతా కొట్టేశాను. ఈసారి కోర్టు భాష లేకుండా రాశాను. ‘ఈ డిజైన్‌ని శ్రీమతి స్వరూప నన్ను నమ్మి చూపించింది. నీ దగ్గరే ఉంచుకో అంది. నేను సరేనన్నాను. రిజిస్టర్ కాని డిజైన్ బయటపడితే ఏమవుతుందో నాకు తెలుసు, అదే నా చదువు. ఆమె మాట గుర్తుండగానే, తోటి విద్యార్థులు నన్ను మెచ్చుకోవాలని, ఆమె అనుమతి లేకుండా ఫోటో గ్రూపులో పెట్టాను. ఈ తప్పులో ఆమెకి గాని, ఇంకెవరికి గాని భాగం లేదు.’

వకీలు కాగితం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడు.

“వాళ్ల మీద వాళ్లే ఇట్ల రాసుకున్నోళ్లను నేనైతె సూడలె” అన్నాడు.

నోటరీ దగ్గర స్టాంపు పడేసరికి సాయంత్రమైంది. దరఖాస్తూ అఫిడవిట్టూ కలిసి వెళ్లిపోయాయి. నా రైలు కూడా వెళ్లిపోయింది. సలీం స్వరూపని కొత్తవాడలో దించడానికి తీసుకెళ్లాడు. ఆటో ఎక్కుతూ ఆమె వెనక్కి తిరిగింది. ఏమైనా అంటుందనుకున్నాను. కొంగు లోపలికి లాక్కుంది, ఆటో కదిలింది.

మర్నాడు పొద్దున వరంగల్ స్టేషన్‌లోనే ఎక్కాను. మంచు లేదు. పట్టాలు చాలాదూరం కనిపించాయి.

విశాఖ

నంబరు ఇంకా రాలేదు. హైదరాబాద్ వ్యాపారికి స్వరూపే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. నంబరు వచ్చేదాకా ఆగుతానన్నాడట. ఈ కబురు ఆమె నాకు ఫోన్ చేసి చెప్పింది. సార్ అనే పిలిచింది. వెనకనుంచి ఓదెమ్మ, ఆ సదువుకునేటాయన తిన్నడా అడుగు అంటోంది. స్వరూప ఆ ప్రశ్న నన్ను అడగలేదు.

పోయిన వారం సెమినార్‌లో నా నాలుగో అధ్యాయం వంతు వచ్చింది. హారిక ముందు వరసలో కూర్చుంది. ఫోటో ఉండాల్సిన చోట తెర మీద ఏమీ పెట్టలేదు. ప్రొజెక్టర్ వెలుతురు తెల్లగా నిలబడి ఉంది. ఉదాహరణ ఎక్కడ సార్ అని ఎవరో అడిగారు. సంచీలోంచి స్టాంపు పేపరు కాపీ తీశాను. కళ్లద్దాలు పెట్టుకుని, నా పేరు, నా తండ్రి పేరు, నా వయసు దగ్గరినుంచి, ఒక్క మాట వదలకుండా చదవడం మొదలుపెట్టాను.